ఆరు కుటుంబాల గదికి అప్పు ఒక్కరి పేరునా?

ప్రశ్న: మాది రాజాం. ప్రైవేటు ఉద్యోగం, జీతం 38,000. నా భార్యకు కుట్టుపనిలో 5,000 వస్తాయి. ఐదేళ్ల బాబుకు ఆటిజం. విశాఖలో థెరపీకి, రానుపోను ఛార్జీలకు నెలకు 14,000 అవుతోంది. దాంతో కలిపి ఇంటి ఖర్చు 36,000. ఇలాంటి పిల్లలున్న ఆరు కుటుంబాలం కలిసి ఇక్కడే గది తీసుకుని ఉయ్యాల, ట్రాంపొలిన్, బోధన సామగ్రి పెట్టుకోవాలనుకుంటున్నాం. 1,80,000 కావాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి నేను తెస్తే మిగతావాళ్లు నెలనెలా ఇస్తామన్నారు. బంగారం మీద 90,000 అప్పుంది, బ్యాంకులో 25,000 ఉన్నాయి. తీసుకోవచ్చా?

సమాధానం: తీసుకోవద్దు. గది ఆలోచన మంచిదే. కానీ ఆరుగురి అవసరానికి ఒకరు నోటు రాసివ్వడం ఇలాంటి బృందాల్లో తరచూ జరిగే తప్పు. ప్రామిసరీ నోటు మీద సంతకం మీదొక్కరిదే అయితే బాకీదారూ మీరొక్కరే. వడ్డీయే నెలకు 3,600. ఇప్పుడు తలా 600 అనుకుంటారు. బదిలీ అయి ఒకరు, పిల్లాడు గదికి అలవాటుపడక ఇంకొకరు తప్పుకుంటే మీ మీద పడేది 1,800. అసలు అలాగే ఉంటుంది. ఇప్పటికే బంగారం తాకట్టులో ఉన్న ఇంట్లోకి ఏడాదికి 24 శాతం వడ్డీ తెస్తారా?

నన్ను ఇంకా కలవరపెట్టింది ఆ 25,000. జీతం ఆగితే మీ ఇల్లు మూడు వారాలకు మించి నడవదు. అత్యవసర నిధిని అందరూ బియ్యం, అద్దె, కరెంటు బిల్లులతో లెక్కేస్తారు. మీ ఇంట్లో థెరపీ కూడా అందులో చేరాలి, ఎందుకంటే డబ్బుకు ఇబ్బంది రాగానే మొదట ఆపేసేది దాన్నే. నెలల తరబడి ఆగితే బాబు నేర్చుకున్నవి వెనక్కి పోవచ్చు. మీకు కావాల్సింది ఆరు నెలల పూర్తి ఖర్చు, 2,16,000. నెలకు 7,000 మిగులుతోంది కదా, ఒకే ఆర్డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేస్తే అవసరానికి మొత్తం రద్దు చేయాలి. 3,000, 2,000, 2,000గా మూడు తెరవండి. ఉన్న 25,000 కదపకపోతే ఏడాదికి మూడు నెలల ఖర్చు, 1,08,000, చేరుతుంది. ఆ తర్వాత ఈ నిధిని కదపకుండా, నెలనెలా మిగిలే డబ్బుతో బంగారం విడిపించి, నిధిలో మిగతా సగం మొదలుపెట్టండి.

ఈలోగా కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా పాలసీలో బాబును చేర్చండి. లక్ష రూపాయల కవర్, దారిద్ర్యరేఖకు పైనున్నవారికి నమోదు 500, రెన్యువల్ 250. థెరపీకీ కొంత పరిమితి మేరకు వర్తిస్తుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ పత్రం) లేకపోతే ముందు సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి. పాలసీ ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. రెన్యువల్ మరిచిపోవద్దు. బిల్లు ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాలి కాబట్టి, చేతిలో నిధి లేకపోతే ఇదీ సమయానికి అక్కరకు రాదు. దివ్యాంగుల పింఛనుకు ఆదాయ పరిమితి ఉంది, మీ జీతంతో దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

సామగ్రిని అప్పు లేకుండానే పంచుకోవచ్చు. ఒక్కో కుటుంబం ఒక్కో వస్తువు కొని, రెండు వారాలకోసారి చేతులు మార్చుకోండి. ఏది ఎవరి దగ్గరుందో తేదీతో పుస్తకంలో రాయండి. బొమ్మల కార్డులు జిరాక్సు షాపులో ప్రింటు తీసి లామినేషన్ చేయిస్తే చాలు. కొనేముందు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే, మండలంలోని భవిత కేంద్రంలో ఏమేం ఉన్నాయో చూసి రండి. థెరపీకి ఒకే రోజు సమయం తీసుకుంటే ఒకే బండిలో విశాఖ వెళ్లిరావచ్చు. ఉయ్యాల చివరికి ఉంచండి: స్లాబులో గట్టి కొక్కెం లేకపోతే ఊడిపడుతుంది, డ్రిల్లింగుకు ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఒక బిడ్డకు రాసిన మందులు, థెరపీ ప్రణాళిక మాత్రం ఇంకో బిడ్డకు వాడొద్దు.

మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. నామినీగా బాబు పేరు కాదు, మీ భార్య పేరు రాయించండి.