అకౌంటెంటుకు ఇచ్చిన డబ్బు పన్ను కట్టినట్టు కాదు

ప్రశ్న: తెనాలిలో శానిటరీ సామాన్ల దుకాణం నడుపుతున్నాను. జీఎస్టీ సొమ్ము నెలనెలా అకౌంటెంటుకు యూపీఐలో పంపాను. 2024 డిసెంబరు నుంచి అతను ఒక్క రిటర్నూ వేయలేదని ఇప్పుడే తెలిసింది. మొదటి నాలుగు నెలలకు కలిపి రూ.3,84,000 కట్టాలంటూ 2025 జూన్ 2న ఏఎస్‌ఎంటీ-13 (రిటర్ను వేయనివారి పన్నును అంచనా వేసి ఇచ్చే) ఉత్తర్వులు నాలుగు పోర్టల్‌లో పెట్టారట. నా చేతికి ఏదీ రాలేదు. అప్పుడు అమ్మ ఆపరేషన్ కోసం హైదరాబాదులో ఉన్నాను. అకౌంటెంటుపై కేసు పెట్టి, అది తేలేదాకా కట్టకుండా ఆగవచ్చా? నిల్ రిటర్నులు (వ్యాపారమే జరగలేదని చూపేవి) వేస్తే ఉత్తర్వులు పోతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో మీ కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది, అది జూన్ 2 అనే తేదీ. పోర్టల్‌లో పెట్టడాన్ని కూడా జీఎస్టీ చట్టంలోని 169వ సెక్షన్ ఉత్తర్వు అందజేయడంగానే లెక్కిస్తుంది. చేతికి అందలేదన్న వాదనతో కొన్ని కేసుల్లో హైకోర్టులు ఊరట ఇచ్చిన మాట నిజమే అయినా, చేతిలో సులువైన దారి ఉండగా ఆ వాదన మీద దుకాణాన్ని పణంగా పెట్టకండి.

ఆ సులువైన దారి 62వ సెక్షన్‌లోనే ఉంది. రిటర్ను వేయనివారి పన్నును అధికారి తన దగ్గరున్న సమాచారంతో అంచనా వేసి ఉత్తర్వు ఇస్తారు. అది అందిన 60 రోజుల్లోగా సరైన రిటర్ను వేస్తే ఆ ఉత్తర్వు రద్దయినట్టే. మీకు ఆ గడువు ఆగస్టు 1తో ముగిసింది. అయితే రోజుకు కేంద్ర చట్టం కింద రూ.100, రాష్ట్ర చట్టం కింద మరో రూ.100 అదనపు ఆలస్య రుసుము కట్టి మరో 60 రోజుల్లోగా, అంటే సెప్టెంబరు 30 లోపల, వేయవచ్చు. నేను ఇది రాస్తున్న 2025 ఆగస్టు 25 నాటికి 24 రోజులు దాటాయి కనుక ఒక్కో నెలకు రూ.4,800, నాలుగు నెలలకు రూ.19,200 పడుతుంది. దీనికి మామూలు ఆలస్య రుసుము, ఐటీసీ (కొనుగోళ్ల మీద ముందే కట్టిన జీఎస్టీకి దక్కే తగ్గింపు) పోను నగదుగా కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ కలుస్తాయి. అయినా అధికారి అంచనాలో సాధారణంగా మీ కొనుగోళ్ల ఐటీసీ ఉండదు కాబట్టి, అసలు లెక్క వేస్తే రూ.3,84,000 కంటే బాగా తగ్గే అవకాశం ఉంది. 2024-25 కొనుగోళ్ల ఐటీసీ తీసుకోవడానికి చివరి తేదీ 2025 నవంబరు 30.

అప్పీలు చేస్తానంటారేమో. దానికి గడువు మూడు నెలలు, అంటే సెప్టెంబరు 2. తగిన కారణం చూపితే ఇంకొక్క నెల దొరకవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. రిటర్నులు వేస్తే పోయే ఉత్తర్వు మీద ఆ ఖర్చు దేనికి?

నిల్ రిటర్నుల సలహా ఇచ్చినవారి మాట ఈ రోజే మరచిపోండి. మీకు సరుకు అమ్మినవారు వేసిన బిల్లులు మీ కొనుగోళ్లను చూపే జీఎస్టీఆర్-2బీ పట్టికలో కనబడుతూనే ఉంటాయి, మీరు మేస్త్రీలకూ కాంట్రాక్టర్లకూ జీఎస్టీ వేసి ఇచ్చిన బిల్లులు వారి దగ్గర ఉన్నాయి. ఒకసారి వేసిన 3బీని (పన్ను లెక్క చూపి కట్టే నెలవారీ రిటర్నును) సవరించే వీలు లేదు. ఇవాళ్టి జాప్యం రేపు వాస్తవాన్ని దాచిన నేరారోపణ అవుతుంది, 74ఏ సెక్షన్ కింద పన్నుతో సమానమైన జరిమానా పడుతుంది.

మీ తప్పు కూడా చెప్పాలి. పోర్టల్‌లో అకౌంటెంటు సెల్ నంబరు, అతని ఈమెయిలే నమోదై ఉండనిచ్చారు, అందువల్లనే రిటర్ను వేయమంటూ 15 రోజుల గడువుతో వచ్చే జీఎస్టీఆర్-3ఏ నోటీసు మొదలు ప్రతి హెచ్చరికా అతనికే చేరింది. తొమ్మిది నెలల్లో ఒక్కసారైనా చలానా అడగలేదు. యూపీఐ రసీదు మీరు అతనికి డబ్బిచ్చారని రుజువు చేస్తుంది గానీ, పోర్టల్‌లో మీ పేరిట ఉండే పన్ను ఖాతా, అంటే ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జరులో జమ కాని సొమ్ము పన్ను కాదు. రిటర్ను వేసే బాధ్యత రిజిస్ట్రేషన్ ఉన్న మీదే.

రేపే మీ సర్కిల్ కార్యాలయానికి గుర్తింపు పత్రాలతో వెళ్లి సెల్ నంబరు, ఈమెయిలు మీ పేరిట మార్పించుకోండి. డిసెంబరు నుంచి వరుసగా ముందు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, తరువాత 3బీ వేయండి. పన్ను పూర్తిగా కట్టనిదే అది చట్టం దృష్టిలో సరైన రిటర్ను కాదు. ఏప్రిల్ నుంచి ఉన్న నెలలవీ వదలకండి, ఆరు నెలలు వరుసగా వేయనివారి రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం వారికి ఉంది.

అకౌంటెంటుపై నమ్మకద్రోహం, మోసం కింద ఫిర్యాదు వేరుగా ఇవ్వండి, డబ్బు రాబట్టే సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది. వాట్సాప్ సంభాషణలున్న ఫోను మార్చవద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముద్ర వేయించి తీసుకోండి. ఆ కేసు ఎన్నేళ్లు నడిచినా పన్ను గడువు మాత్రం ఆగదు.

రిటర్నులు వేశాక ఏఆర్ఎన్ (రిటర్ను అందినట్టు పోర్టల్ ఇచ్చే) నంబర్లన్నీ జతచేసి, ఉత్తర్వులు రద్దయినట్టు నమోదు చేయమని అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి. లయబిలిటీ లెడ్జరులో ఆ నాలుగు బాకీలూ సున్నా అయ్యేదాకా ఆ నకలు మీ దగ్గరే ఉంచుకోండి.