ఎదుటివాళ్ల చెత్త ముక్కల చేతిలోనే ఓడిపోతున్నాను, ఇది నా దురదృష్టమేనా?

మీరు అడిగింది ఇదీ: గోవాలో ఓ పోకర్ టోర్నమెంట్‌లో మీ దగ్గర ఆసుల జత ఉంది, ఎదుటివాడు రాజు-5తో ఆల్ ఇన్ (తన చిప్స్, అంటే పందెం బిళ్లలన్నీ) పెట్టి గెలిచాడు. మంచి ముక్కలు వచ్చిన ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది, కారణమేంటి?

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ కార్డ్ రూములకు చట్టప్రకారం అనుమతి ఉంది కాబట్టి వారాంతాల్లో చిన్న టోర్నమెంట్లు ఆడుతుంటాను. (ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలపై తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అందుకే ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట గురించే చెబుతున్నాను.)

అసలు ఎదుటివాడి దగ్గర చెత్త ముక్కలు ఉండటమే మీ అదృష్టం. మీ ఆసులకు ఎదురుగా అలాంటి ముక్కలుంటే నూటికి 85 సార్లకు పైగా మీరే గెలుస్తారు. మిగిలినవి ఓడిపోతారు, అవే గుర్తుండిపోతాయి. ఆసులు పట్టుకుని మామూలుగా గెలిచిన ఆటలు ఎన్నో ఒకసారి గుర్తుచేసుకోండి. రావు.

టోర్నమెంట్‌లో ఇంకో లెక్క ఉంది. ప్రతిసారీ 80 శాతం అవకాశంతోనే చిప్స్ అన్నీ పెట్టారనుకుందాం. అలాంటివి వరుసగా ఐదూ గెలిచే అవకాశం 33 శాతమే. అంటే ఒక్క తప్పూ చేయకుండా ఆడినా, మూడింట రెండుసార్లు ఎక్కడో ఒకచోట మీకంటే బలహీనమైన ముక్కలే మిమ్మల్ని కొడతాయి. బాగా ఆడేవాళ్లు బయటికెళ్లే మామూలు దారి అదే. పేలవంగా ఆడేవాడికి బ్యాడ్ బీట్లు (గెలిచే అవకాశం ఎక్కువుండీ ఓడిపోవడం) పెద్దగా తగలవు, ఎందుకంటే డబ్బు పెట్టే సమయానికి అతను వెనకే ఉంటాడు.

ఇక ఆ ముక్కలు నిజంగా చెత్తవేనా అన్నది చూడాలి. మొన్నామధ్య నా దగ్గర రాజుల జత ఉంది. ఆరు బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు పెట్టాల్సిన పందేలే బ్లైండ్లు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్) కూడా మిగలని ఓ పెద్దాయన ఆసు-4తో మొత్తం తోసేశాడు. రివర్‌లో (బల్ల మీద అందరికీ కలిపి పరిచే ఐదు ముక్కల్లో చివరిది) ఆసు పడింది, నా చిప్స్‌లో సగానికి పైగా పోయాయి. పక్కనున్నాయన నాకంటే ఎక్కువ బాధపడి, "ఆ ముక్కలతో ఎలా పెడతారండీ" అన్నాడు. కానీ పెద్దాయన చేసిందాంట్లో తప్పేముంది? ఇంకో రెండు రౌండ్లు ఆగితే బ్లైండ్లే ఆయన్ని తినేస్తాయి. నేను ముందున్నమాట నిజమే, కానీ 70 శాతమే.

బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడి సంగతి ఇంకా విచిత్రం. బ్లైండ్లు 500-1000, ఆంటీ (ప్రతి ఆటకూ అదనంగా మధ్యలో పడే పందెం) మొత్తం 1000. ఒకతను 2500తో ఆల్ ఇన్ అన్నాడు, మిగతావాళ్లు ముక్కలు పడేశారు. బిగ్ బ్లైండ్ ఇంకో 1500 పెడితే చాలు, మధ్యలో అప్పటికే 5000 ఉన్నాయి. మొత్తం 6500 కోసం 1500 పెడుతున్నాడు కాబట్టి అతనికి 23 శాతం గెలిచే అవకాశం ఉంటే సరిపోతుంది. చేతిలో 7-2 ఉన్నా, ఎదుట ఆసు-రాజు ఉన్నా మూడింట ఒకసారి దాకా గెలుస్తాడు. కాబట్టి కాల్ చేయాలి, అంటే ఆ పందేనికి సరిపడా పెట్టాలి! చూసేవాళ్లకు మాత్రం "7-2తో కాల్ చేశాడు" అనే కనిపిస్తుంది.

పెద్దస్థాయిలోనూ అంతే. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో పదిమంది మిగిలినప్పుడు పేరున్న ఆటగాడు ఫిల్ ఐవీకి టర్న్‌లో (బల్ల మీద నాలుగో ముక్క) 9 పడి ఫుల్ హౌస్ (ఒకే రకం ముక్కలు మూడు, ఇంకో జత) కుదిరింది. క్రిస్ మనీమేకర్ దగ్గర ఆసు-రాణి, బల్ల మీద మరో రెండు రాణులు. మిగిలిన 44 ముక్కల్లో ఏడే అతన్ని గట్టెక్కిస్తాయి. రివర్‌లో ఆసు వచ్చింది. ఐవీ ఇంటికెళ్లాడు, అకౌంటెంట్ మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఆసులు వచ్చాయన్నది దాచిపెట్టి, రెయిజ్ చేయకుండా (పందెం పెంచకుండా) అందర్నీ లోపలికి రానివ్వకండి. ఒక్కడితోనైతే 85 శాతం ఉండే అవకాశం నలుగురితో 56కి, ఐదుగురితో సగం కిందికి పడిపోతుంది. అప్పుడు ఓడితే దాన్ని దురదృష్టమనలేం. ఓ చిన్న పుస్తకంలో గెలుపోటములకు బదులు చిప్స్ లోపలికి వెళ్లిన క్షణంలో మీ శాతం ఎంతో రాసుకోండి. నాకు టెన్షన్ తగ్గింది దానివల్లే. దెబ్బ తగిలాక నేను చూసుకునేది ఇంకెన్ని బిగ్ బ్లైండ్లు మిగిలాయనే. పన్నెండు ఉన్నా ఆట ఉన్నట్టే.

ఇంకొక్క మాట. గెలిచినవాడికి అక్కడే క్లాసు పీకకండి. రాజు-5తో మీ ఆసుల మీదికి వచ్చేవాడు బల్ల దగ్గర ఎంతసేపుంటే మీకంత లాభం. తప్పెక్కడుందో మీరే విడమరచి చెబితే ఈసారి ఆ ముక్కలు పడేస్తాడు.