దశమభాగం కటింగ్స్‌కి ముందా, తర్వాతా?

జీతంలో పీఎఫ్, టాక్స్ పోకముందు దేవుడి పేరున ఇచ్చే పదో వంతు తీయాలా, చేతికొచ్చిన దాంట్లో తీయాలా, అసలు కానుకా దశమభాగమూ ఒకటేనా అని అడిగారు కదా. ఒకటి కాదండి. ఆరాధనలో సంచి తిప్పినప్పుడు వేసేది కానుక, మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో కుటుంబం పేరున నెలనెలా కట్టేది చందా, పుట్టినరోజుకో ఆపరేషన్ బాగా జరిగిందనో ఇచ్చేది కృతజ్ఞత కానుక, మొదటి జీతం తెచ్చి పెడితే ప్రథమ ఫలం. సంపాదనలో పదో వంతు లెక్కగట్టి ఇచ్చేది దశమభాగం. బైబిల్లో మోషే ఇచ్చిన ధర్మశాస్త్రంలో అది ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు, అంతేగానీ పేస్లిప్ కాదు.

మాది డోర్నకల్ డయాసిస్, అంటే అక్కడి బిషప్ గారి పరిధి, కింద ఉన్న పల్లెటూరు. 1912లో బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) సంఘంలో మొదటి భారతీయ బిషప్, కూలీనాలీ చేసుకునే వాళ్లు కూడా తమ చేతుల్తో తాము ఇవ్వాలని నేర్పించిన ప్రాంతం. మా ఊళ్లో కోతపండుగ వస్తే చూడాలి, బలిపీఠం ముందు వడ్ల బస్తాలు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ప్రసంగం మధ్యలో అవి అరుస్తుంటే పిల్లలు నవ్వడం. ఆరాధన అయ్యాక బయట వేలంపాట. ఓ ఏడు మా వీధిలో ఒంటరిగా ఉండే అవ్వ పెరట్లో కాసిన సొరకాయ తెచ్చింది. పాట ఎవరూ మొదలుపెట్టట్లేదని ఆమే "ఇరవై" అని అరిచింది, తన కాయకి తనే! అంతే, జనం అందుకున్నారు, ట్రాక్టర్ ఉన్న మామ 200 అన్నాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు 500 అన్నారు, పాడుకున్నాయన డబ్బు కట్టేసి "అయ్యగారూ, మళ్లీ పాటలో పెట్టండి" అన్నాడు, అదే కాయ ఇంకోసారి అమ్ముడుపోయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ పర్సెంటేజీ అడగలేదు.

ఉద్యోగానికి సిటీకొచ్చాక కొన్నాళ్లు వెళ్లిన ఓ చర్చిలో ఎవరెవరు ఎంత ఇచ్చారో పేర్లతో సహా మైకులో చదివేవాళ్లు. వాచ్‌మన్ పని చేసే ఒకాయన కుటుంబం మెల్లగా వెనక బెంచీకి పోయింది, తర్వాత రావడమే మానేసింది. నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఎప్పుడు చూసినా బైబిల్లో మలాకీ గ్రంథం 3వ అధ్యాయమే, ఇవ్వకపోతే దేవుణ్ని దోచుకున్నట్టే అని బెదిరింపు. అదే బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం మీద ప్రసంగం చేసిన పాస్టర్ నాకింతవరకు తగల్లేదు. మూడో ఏట తీసిన పదో వంతు ఊళ్లోనే ఉంచాలి, లేవీయులు (దేవుడి మందిర సేవ చేసేవాళ్లు), పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాళ్లు తృప్తిగా తినాలి అని అక్కడ స్పష్టంగా ఉంది. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథు సంఘం వాళ్లకి కానుక గురించి రాసినప్పుడు పదో వంతు ఊసే ఎత్తలేదు, సణుక్కోకుండా, బలవంతం లేకుండా, మనసులో అనుకున్నంత ఇమ్మన్నాడు.

కాబట్టి చేతికొచ్చిన దాంట్లోనే లెక్కేసుకోండి, పీఎఫ్ వచ్చిన రోజు దాని సంగతి చూడొచ్చు. కొంత మీ చర్చికివ్వండి, రసీదు అడగండి, ఏడాదికోసారి లెక్కలు చదవమనండి. కొంత మాత్రం మీ వీధిలో ఆసరా లేనివాళ్ల చేతిలో నేరుగా పెట్టండి. అలా కుదరదు, మొత్తం ఇక్కడికే రావాలి అని ఎవరైనా అంటే ఆ 14వ అధ్యాయం 28, 29 వచనాలు తీసి ఆయన్నే గట్టిగా చదవమనండి.