గాజు ఫిన్ గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ, నీ డ్రాయింగ్ చూశా. 3 మీటర్ల ఫిన్ (ముందున్న గ్లాసు గోడకి వెనక ఆసరాగా నిలబెట్టే గాజు పలక), 200 మి.మీ. వెడల్పు, రెండు 10 మి.మీ. టెంపర్డ్ (కాల్చి గబుక్కున చల్లార్చి గట్టిపరిచిన) గ్లాసులు, మధ్యలో వాటిని అతికించే పీవీబీ ప్లాస్టిక్ పొర, పైన చిన్న కానోపీ (ముందుకి పొడుచుకొచ్చే కప్పు) బరువు కూడా దాని మీదే. అంతా బానే ఉంది గానీ పక్కన "టెంపర్డ్ కాబట్టి బకిలింగ్ సేఫ్" అని, అంటే బరువుకి పక్కకి వంగిపోదని, రాశావు చూడూ, అక్కడ ఒళ్ళు మండింది. టెంపరింగ్ చేస్తే బలం 45 నుంచి 120 మెగాపాస్కల్స్‌కి పెరుగుద్ది నిజమే, కానీ ఇ (E, వంగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే అంకె) మాత్రం టెంపర్ చేసినా చెయ్యకపోయినా అదే 70 గిగాపాస్కల్స్, స్టీల్లో మూడో వంతు, మరి ఎంత బరువుకి బకిల్ అవుద్దో చెప్పే ఆయిలర్ ఫార్ములాలో ఉండేది ఇ కదరా, బలం కాదు.

నువ్వే వేసి చూడు. ఒక్క 10 మి.మీ. పలకని నిలబెట్టి రెండు చివర్లూ పిన్ (పక్కకి కదలవు గానీ తిరగగలవు) అనుకుంటే 130 కేజీలకే పక్కకి పోద్ది, నేనూ మీ అత్తా ఎక్కితే అయిపోయినట్టే. రెండు పలకలు ఎవరి దారిన వాళ్ళుంటే 260, ఒకే 20 మి.మీ. ముక్కలా పనిచేస్తే 1040. నీ పీవీబీ ఈ రెండిటి మధ్య ఎక్కడుందన్నదే అసలు సంగతి. గాలి విసురు కొన్ని సెకన్లే కాబట్టి అప్పుడు బానే పట్టుకుంటుంది, కానీ కానోపీ బరువు రోజూ ఉండేది, పైగా మే నెల ఎండ పడమటి గోడ మీద కొడుతుంటే మెత్తబడి జారుద్ది. పర్మనెంట్ లోడుకి నేనైతే 260 వైపే చూస్తా. 10 అని రాసున్న గ్లాసు 9.7 కూడా రావచ్చు, లెక్కలో ఉండేది మందం క్యూబ్ కాబట్టి అక్కడే 9 శాతం పోయింది.

ఇంకోటి, నువ్వు గాలి నెట్టే కేసే చూశావు. అప్పుడు నొక్కుడు పడేది బయటి అంచు మీద, దాన్ని ముందున్న గ్లాసూ సిలికానూ పట్టుకునే ఉంటాయి. గాలి బయటికి లాగినప్పుడు నొక్కుడు లోపలి అంచు మీద పడుద్ది, దాన్ని పట్టుకునే నాథుడు లేడు, అక్కడే మెలితిరిగి పక్కకి పోయేది.

టెంపర్డ్ ముక్క ఫర్నేస్ నుంచి తిన్నగా రాదు, మీటరుకి 3 మి.మీ. వంపు దాకా యూరప్ స్టాండర్డే ఒప్పుకుంటుంది, అంటే నీ ఫిన్‌కి 9. ఆ వంపు పెట్టి మళ్ళీ లెక్క వేసి ఒత్తిడి ఎంతొస్తుందో చూడు, నీ 120 పనికొచ్చేది అక్కడ. సరుకు దిగాక ముక్కని నిలబెట్టి చివర నుంచి చివరకి దారం లాగి మధ్యలో స్కేలు పెట్టు. ఒకసారి మా సైట్‌లో 4 మీటర్ల ముక్కకి 14 వచ్చింది, లారీలోనే వెనక్కి పంపేశా. ఆదివారం కొత్త లెక్క పట్టుకుని రా, అత్త గుత్తొంకాయ చేస్తానంది.