అమ్మలూ, ఆ స్టెప్ ఫైలు తెరిచే ముందు

అమ్మలూ,

బాలానగర్‌లో వాల్వులు చేసే కంపెనీ ఒకటి ప్యాటర్న్ (లోహం పోసే అచ్చు తీయడానికి వాడే నమూనా) డిజైను కోసం మీ డిపార్ట్‌మెంటు చేత సాఫ్ట్‌వేర్ టూలు చేయించుకుంటోందనీ, దానికి నువ్వే పెద్ద దిక్కనీ నిన్న రాత్రి తమ్ముడు ఫోన్లో చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారగానే ఇది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఎంఓయూతో ఆగకుండా, ఎవరు ఏం ఇవ్వాలో ఎప్పుడివ్వాలో రాసిన అగ్రిమెంటు చేసుకోండి. కంపెనీ తరఫున జవాబు చెప్పేది ఒక్కరే ఉండాలి. బిల్లులో 18 శాతం జీఎస్టీ విడిగా చూపించు, లేకపోతే అది మీ బడ్జెట్లోంచే పోతుంది. కాలేజీ లైసెన్సు మీద తీసుకున్న క్యాడ్‌తో (కంప్యూటర్లో డిజైను గీసే సాఫ్ట్‌వేర్) కంపెనీ పని చేయకూడదు, ఆ లైసెన్సులు చదువుకే. కంపెనీ లైసెన్సే ఒకటి అడుగు, కుదరకపోతే ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో పైథాన్‌తో రాయించు.

ఇప్పుడు అసలు సంగతి.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి పనిలోనే మా జట్టు ఒక తప్పు చేసింది. పూర్తయిన వాల్వ్ బాడీ మోడల్ ఇస్తే, దానికి మెషినింగ్ అలవెన్సు (తర్వాత మర మీద కోయడానికి అదనంగా ఉంచే మందం), పోత చల్లారినప్పుడు ముడుచుకునే కొలతా కలిపి ప్యాటర్న్ మోడల్ తయారుచేసే టూలు అది. గ్రే ఐరన్ మీటరుకి సుమారు 10 మి.మీ. ముడుచుకుంటుంది కాబట్టి 1 శాతం పెంచమని రాశాం. లెక్క సరైనదే. ఇచ్చిన మోడల్ మాత్రం పూర్తయిన బాడీది కాదు. ప్యాటర్న్ షాపు కోసం ఎవరో అప్పటికే 1.01తో పెంచి దాచుకున్న కాపీ అది.

ఆ సంగతి ఎలా తప్పిపోయిందో చూడు. కంపెనీ క్యాడ్ ఒకటి, కాలేజీది ఇంకొకటి. వాళ్ల సొంత ఫైల్లో, ఎడమ పక్క ఫీచర్ ట్రీలో (మోడల్‌ని ఏ వరసలో గీశారో చూపే పట్టిక), ‘స్కేల్ 1.01’ అని ఒక వరస ఉంది. ఒక క్యాడ్ నుంచి ఇంకో క్యాడ్‌కి మోడల్ పంపే ఉమ్మడి ఫార్మాటు స్టెప్‌లోకి మార్చగానే ఆ చెట్టంతా పోయి ఘనాకారం ఒక్కటే మిగిలింది. ఫైలు పేరులో ‘ఫైనల్’ అని ఉంది. ఫ్లాంజి (గొట్టానికి బోల్టులతో బిగించే అంచు) ముఖం నుంచి ముఖానికి 400 మి.మీ. ఉండాల్సిన చోట స్క్రీన్ మీద 404 కనిపించింది. కాగితం డ్రాయింగు పక్కన పెట్టుకుని ఉంటే ఆ క్షణమే దొరికేది. ఎవరమూ పెట్టుకోలేదు.

టూలు 404కి రెండు వైపులా మూడేసి మి.మీ. కలిపి 410 చేసింది, దాన్ని మళ్లీ 1 శాతం పెంచి 414.1 చేసింది. పోసిన బాడీ చల్లారాక 410 దగ్గర నిలిచింది. మెషిన్ షాపువాళ్లు కాగితం డ్రాయింగు చూసి ఒక్కో ముఖం మీద 3 బదులు 5 మి.మీ. కోసి 400కి తెచ్చారు. కొలత కుదిరింది, తనిఖీలో పాసయింది. ఫ్లాంజి వెనక ముఖం కోయరు కదా, అది మాత్రం ఉండాల్సిన చోటి నుంచి 1.8 మి.మీ. దాకా బయటికి జరిగే ఉంది. 24 మి.మీ. ఉండాల్సిన ఫ్లాంజి 22.2కి పలచబడింది. ఒత్తిడిని తట్టుకోవాల్సిన ఫ్లాంజి అది, అమ్మలూ. బోల్టులు బిగించి చూస్తున్న ఫిట్టరు, మర బయటికి ఎక్కువ వస్తోందేమిటని అడిగితే అప్పుడు వెర్నియర్ పెట్టారు. బాడీలన్నీ తుక్కులోకి పోయాయి. ఫిట్టరు అడక్కపోతే అవి ఏ ప్లాంటుకి పోయేవో ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

అందుకని నీకు గట్టిగా చెబుతున్నాను. కోడ్ ఒక్క వరస కూడా రాయకముందు కంపెనీ ఇచ్చే స్టెప్ ఫైలు దేని మోడలో తేల్చుకో: పూర్తయిన భాగమా, మెషినింగ్‌కి ముందు కాస్టింగా, ప్యాటర్నా? మూడు కాస్టింగులు తెప్పించు. కోత పడని చోట్లు అయిదు ఎంచుకుని చేత్తో కొలిచి, మోడల్ కొలతతో భాగించు. ఇనుములో అన్ని చోట్లా 0.99 దగ్గర వస్తుంటే నీ చేతిలో ఉన్నది ప్యాటర్న్ మోడలే. స్టెప్‌లోకి మార్చేటప్పుడు ఏపీ 242 అనే రకం ఎంచుకోమను, మోడల్‌లో టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడాలు) పెట్టి ఉంటే అవి కూడా వస్తాయి. ఫీచర్ ట్రీ ఎలాగూ రాదు కాబట్టి దాని స్క్రీన్‌షాట్ అడుగు, గీసిన మనిషి పక్కన కూర్చుని వరసవరసా చదివించుకో. ఇది చిన్న కంపెనీల తిప్పలే అనుకోకు. ఎయిర్‌బస్‌లో హాంబర్గ్‌వాళ్లు కాటియా అనే క్యాడ్‌లో వీ4, టూలూజ్‌వాళ్లు వీ5 వాడటంతో ఏ380 వైర్ల కట్టలు విమానంలో సరిగ్గా అమరలేదు. 2006లో ఆ విమానాలు ఆలస్యమవడానికి అదో పెద్ద కారణం.

ముడుచుకునే శాతాన్ని కోడ్‌లో పాతేయకు. స్టీలుకి ఇంచుమించు 2 శాతం. గట్టి కోర్ (లోపలి బోలు కోసం అచ్చులో పెట్టే ముద్ద) అడ్డుపడే దిశలో తక్కువగా ముడుచుకుంటుంది కాబట్టి మూడు దిశలకీ మూడు అంకెలు అడిగేలా రాయించు, ఆ అంకెలు ఆ ఫౌండ్రీ ప్యాటర్న్ మేస్త్రీ నోటి నుంచే రావాలి. బయటికొచ్చే ప్రతి ఫైలు పేరులో భాగమో ప్యాటర్నో, ఏ లోహమో, ఎంత శాతమో, టూలు ఎన్నో వెర్షనో ఉండాలి. ఇప్పటికే బాగా పోత వస్తున్న పాత ప్యాటర్న్లు మూడు తీసుకుని, టూలు ఇచ్చేది వాటితో సరిపోతుందో లేదో చూశాకే కొత్తదాని జోలికి వెళ్లు.

అగ్రిమెంటు మాట మళ్లీ ఎత్తుతున్నానని విసుక్కోకు. నువ్వు మొహమాటానికి సంతకం పెట్టే పిల్లవి, చిన్నప్పటి నుంచి అంతే. పేటెంటు కాలేజీ, కంపెనీ ఇద్దరి పేరా ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1970 పేటెంట్ల చట్టంలోని 50వ సెక్షను ప్రకారం ఒకరి అనుమతి లేకుండా రెండోవారు ఎవరికీ లైసెన్సు ఇవ్వలేరు. సొంతానికి మాత్రం ఎవరికి వారు వాడుకోవచ్చు. ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ వాడుకుంటుంది, ఫ్యాక్టరీ లేని కాలేజీ ఏం చేస్తుంది? ఇది ముందే మాట్లాడుకోండి. అదే చట్టంలో 3(కె) సెక్షను ఉంది కాబట్టి వట్టి ప్రోగ్రాముకి పేటెంటు రాదు. పద్ధతిలో కొత్తదనం ఉందనుకుంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు దాఖలు చేసి, ఆ తర్వాతే పరిశోధన పేపరు పంపు. పూర్తి స్పెసిఫికేషనుకి 12 నెలలు గడువుంటుంది. కంపెనీ పేపరు చూసి జవాబివ్వడానికి 30 రోజులని రాయించు, ‘అనుమతి ఇచ్చేవరకు’ అని రాస్తే ఒప్పుకోకు. దానివల్ల ఎంటెక్ పిల్లల థీసిస్ ఆగిపోతుంది, వాళ్ల తల్లిదండ్రులకి నువ్వే జవాబు చెప్పుకోవాలి.

కోడ్ రాసిన పిల్లలు మే నెలలో వెళ్లిపోతారు. మార్చికల్లా కంపెనీ మనిషి ఒకరు, మీ వాళ్లెవరూ పక్కన లేకుండా, కొత్త వాల్వు ఒకటి టూల్లో పెట్టి ప్యాటర్న్ మోడల్ తీయగలగాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే మాన్యువల్‌లో పేజీ తక్కువైనట్టు.

ఇంకొకటి. పని ఎంత రాత్రయినా బాలానగర్ నుంచి ఆఖరి బస్సులో వరంగల్ వెళ్లకు. మా ఇంటికి రా, తలుపు తీసే ఉంటుంది.

నా వెర్నియర్ తమ్ముడి చేత పంపుతున్నాను. దవడలు మూసినప్పుడు సున్నా దగ్గర 0.04 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది, కొలిచినదాంట్లోంచి అంత తీసెయ్.

మీ అత్త