నాన్నకు షుగరు, బాబుకి వాంతులు: అండమాన్‌లో రోజంతా బోటు షికారు చెయ్యొచ్చా?

ప్రశ్న: డిసెంబర్ చివర్లో అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్ నుంచి ఒక రోజంతా ప్రైవేటు స్పీడ్‌బోటు మాట్లాడుకుని ఎలిఫెంట్ బీచ్, నీల్ ద్వీపం చుట్టి రావాలని ఆలోచన. నాన్నగారికి 67 ఏళ్లు. షుగరు, బీపీ, ప్రోస్టేట్ వాపు ఉన్నాయి. గ్లిమిపిరైడ్-మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయాజైడ్, టామ్‌సులోసిన్ వాడతారు. అమ్మకు 63. ఎముకలు పలచబడ్డాయన్నారు, డెక్సా పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.8. మా బాబుకి 7 ఏళ్లు, 22 కిలోలు. అరకు ఘాట్ రోడ్డెక్కితే చాలు వాంతులే. మా ఆయన స్కూబా చేస్తానంటున్నారు. ఆ మర్నాడు మధ్యాహ్నం తిరుగు విమానం. వాంతులు రాకుండా అందరం ఏ మాత్ర వేసుకోవాలి? – ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అందరికీ ఒకే మాత్ర కుదరదమ్మా. మీరు రాసిన నలుగురివీ నాలుగు వేర్వేరు సమస్యలు. అందులో బాబు వాంతులే అన్నిటికన్నా తేలిక. నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది మీ నాన్నగారి మందుల చీటీ. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న మనిషి బోటులో నాలుగుసార్లు వాంతి చేసుకుంటే నీరసపడతాడు, ఒడ్డెక్కి నీళ్లు తాగితే తేరుకుంటాడు. మీ నాన్నగారి విషయం అలా కాదు. గ్లిమిపిరైడ్ వేసుకున్నాక తిన్నది కడుపులో నిలవకపోతే షుగరు పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్ షుగరుని మూత్రంలోకి పంపేస్తుంది, దాంతోపాటు నీరూ పోతుంది. వాంతులై తిండి ఆగిపోయినప్పుడు ఈ మందు వాడుతున్నవాళ్లలో రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోవచ్చు. చిక్కేమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో షుగరు 200 లోపే కనిపించవచ్చు, ‘షుగరు బాగానే ఉందిగా’ అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. ఇక ఒళ్లు ఎండిపోయినప్పుడు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. మెట్‌ఫార్మిన్ కూడా అలాంటప్పుడు ఒంట్లో పేరుకుంటుంది.

కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఆయన్ని చూసే డాక్టరు దగ్గరికి చీటీ పట్టుకుని వెళ్లండి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం చూపించుకోండి. డపాగ్లిఫ్లోజిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో రాయించుకోండి. దాని ప్రభావం ఒక్క రోజులో పోదు, కనుక ఆ ఉదయం ఒక్కటే మానేస్తే సరిపోదు. గ్లిమిపిరైడ్ మోతాదు ఆ రోజుకి తగ్గించాలా అనీ అడగండి. ఉదయం బీపీ మాత్రని తిరిగొచ్చాక వేసుకోవచ్చా అని అడిగితే చాలామంది డాక్టర్లు సరేనంటారు. టెల్మిసార్టాన్ పని దాదాపు 24 గంటలు ఉంటుంది, కొన్ని గంటలు ఆలస్యమైతే కొంప మునగదు. పైగా అందులోని హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తుంది. చిన్న స్పీడ్‌బోట్లలో మరుగుదొడ్డి సాధారణంగా ఉండదు. డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

ఆ మరుగుదొడ్డి సంగతి చిన్నది కాదు. బోటులో వెళ్లే పెద్దవాళ్లు, ఆడవాళ్లు పొద్దుటి నుంచీ నీళ్లు మానేస్తారు. ఎండ, ఉప్పుగాలి, వాంతులు, పైన ఇది. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయేది చాలాసార్లు ఇందువల్లే. బోటు మాట్లాడుకునేటప్పుడే అడగండి: మరుగుదొడ్డి ఉందా, లేకపోతే రెండు గంటలకోసారి మరుగుదొడ్డి ఉన్న ఒడ్డున ఆపుతారా? మనిషికి మూడు లీటర్ల నీళ్లు లెక్కేసి ఎక్కించండి. ఓఆర్‌ఎస్ అంటే ఒక లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల ప్యాకెట్టు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్లరసాలు దాని పని చెయ్యవు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకోసారి చెంచాతో తాగించండి. గ్లాసుడు ఒకేసారి పట్టిస్తే అదీ బయటికి వచ్చేస్తుంది.

నాన్నగారు ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా బయలుదేరకూడదు. గంటన్నర ముందు రెండు మూడు ఇడ్లీలు చాలు. పూరీ, ఉప్మాపెసరట్టు ఆ రోజుకి వద్దు. మధ్యాహ్న భోజనం 12 దాటకూడదు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే షుగరు చూడండి. 70 లోపుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మెలకువ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పొయ్యకండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగరు కాసేపటికి మళ్లీ పడుతుంది, కాబట్టి తేరుకున్నాక బిస్కెట్లో అన్నమో తప్పక తినాలి, ఆ రాత్రంతా ఒక కంట కనిపెట్టాలి. గ్లూకోమీటరు స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి జిప్ కవర్లో పెట్టండి. తేమ తగిలితే అంకెలు తప్పుతాయి.

ఇక వాంతి మాత్రల సంగతి. మన ఇళ్లలో అందరికీ తెలిసింది ఎమెసెట్, అంటే ఆండాన్‌సెట్రాన్. ప్రయాణపు వాంతులు రాకుండా ఆపడంలో అది దాదాపు పనిచెయ్యదు. చెవి లోపలి తూకపు అవయవం ‘కదులుతున్నాం’ అంటుంది, ఎదురుగా బోటు గోడనో ఫోన్‌నో చూస్తున్న కళ్లు ‘కదలడం లేదు’ అంటాయి. ఆ పేచీ నుంచే వికారం పుడుతుంది. అది మెదడుకు చేరే దారిలో సిన్నరిజిన్, ప్రోమెథజైన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటివే అడ్డుపడగలవు. అదీ ముందే వేసుకుంటేనే. వికారం మొదలయ్యాక కడుపు కదలికలు మందగిస్తాయి, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది.

బాబుకి నా ఎంపిక సిన్నరిజిన్. 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం, బోటెక్కడానికి రెండు గంటల ముందు. పిల్లల డాక్టరు చేత బరువు చూపించి ఖాయం చేసుకోండి. ప్రోమెథజైన్ కూడా పనిచేస్తుంది కానీ మత్తు ఎక్కువ, నీళ్లలో దిగే పిల్లాడికి మత్తు మంచిది కాదు. ఏ మాత్రయినా మొదటిసారి సముద్రం మీద వెయ్యకండి. మీకు అరకు రోడ్డు పక్కనే ఉంది. ముందు ఒక ఆదివారం బాబుకి మాత్ర వేసి ఘాట్ ఎక్కించి చూడండి. వాంతి ఆగిందా, ఎంతసేపు నిద్రపోయాడు, లేచాక చిరాకు పడ్డాడా అన్నవి రాసుకోండి. మగతగా ఉంటే ఆ రోజు స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ ఈదడం) లేదు, లైఫ్‌జాకెట్ వేసుకుని ఒడ్డున నీళ్లలో ఆడుకోవడమే. పిల్లల సైజు లైఫ్‌జాకెట్ ఉందో లేదో ముందే ఫొటో తెప్పించుకోండి. పెద్దవాళ్లది వేస్తే పిల్లాడు కిందికి జారిపోతాడు.

నాన్నగారికి ఘాట్ రోడ్డులో ఇబ్బంది లేకపోతే ముందుజాగ్రత్త మాత్ర వద్దు. ఈ మందులు ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకు మూత్రం బిగబట్టేలా చేస్తాయి, ముఖ్యంగా ప్రోమెథజైన్. టామ్‌సులోసిన్ వాడేవాళ్లకు లేచి నిలబడగానే బీపీ పడటం మామూలే, దాని మీద మత్తు తోడైతే బోటు నిచ్చెన మీద కాలు జారుతుంది. ఆయన్ని బోటు మధ్యకి కాస్త వెనగ్గా, గాలి తగిలేచోట, ముఖం ముందుకి ఉండేలా కూర్చోబెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూడమనండి.

మరీ వెనక, ఇంజిను పక్కన మాత్రం ఎవరూ కూర్చోకూడదు. బోటు ఆగి ఇంజిను నడుస్తున్నప్పుడు, పరదాలు దించి ఉన్నప్పుడు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అక్కడ పోగవుతుంది. తలనొప్పి, వికారం, వాంతి వస్తాయి కనుక అందరూ సముద్రం పడలేదనే అనుకుంటారు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి మొదలైతే ఇంజిను ఆపించి, పరదాలు ఎత్తించండి. నీళ్లలోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కూడా ఇంజిను పూర్తిగా ఆగి ఉండాలి, న్యూట్రల్‌లో ఉంటే చాలదు.

అమ్మగారి విషయంలో నా మాట కచ్చితంగా వద్దనే. టీ స్కోరు మైనస్ 2.8 అంటే ఆస్టియోపొరోసిస్, ఎముకలు గుల్లబారి తేలిగ్గా విరిగే జబ్బు. స్పీడ్‌బోటు ముక్కు అల మీదికి లేచి దబ్బున పడినప్పుడు ఆ దెబ్బంతా కూర్చున్న మనిషి వెన్నెముక మీదికి వస్తుంది. ముందు సీట్లలో కూర్చున్నవాళ్లకు, ఎముకలు గట్టిగా ఉన్నవాళ్లకు కూడా, నడుం పూసలు నొక్కుకుపోయి విరిగిన సంఘటనలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. మెత్త వేసుకుంటే పోయేది కాదు. ఆమెను పెద్ద ఫెర్రీలో నీల్‌కి తీసుకెళ్లండి, మీరు బోటులో వెళ్లి అక్కడ కలవండి. ఎలిఫెంట్ బీచ్ వరకే అయితే, కప్పు ఉన్న పెద్ద బోటులో వెనక సీటులో, సముద్రం నిలకడగా ఉన్న పూట, మెల్లగా తీసుకెళ్లవచ్చు. నన్నడిగితే నాన్నగారినీ అమ్మగారితో ఫెర్రీలోనే పంపిస్తాను.

వేళ గురించి విశాఖవాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. గడియారం ఒకటే కానీ సూర్యుడు ఒకటి కాదు. ఇక్కడ నడినెత్తికి 12కి వచ్చే ఎండ, అక్కడ డిసెంబర్ చివర్లో 11.20కే వస్తుంది. సాయంత్రం 5కే పొద్దు గుంకుతుంది. కాబట్టి 7 లోపు బయలుదేరి, 9.30 నుంచి 1.30 దాకా నీడలో ఉండి, 3 కల్లా తిరిగి వచ్చేలా ప్రణాళిక వేసుకోండి. ఒళ్లంతా కప్పే ఈత చొక్కాలే మేలు. మిగిలిన చర్మానికి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. నాన్నగారికి ఇది మరీ అవసరం, హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కందుతుంది. తడి నిక్కరుతో ఆయన్ని కూర్చోనివ్వకండి. డపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మర్మాంగాల దగ్గర ఫంగస్ ఊరికే వస్తుంది.

ఇసుకలో, పగడాల మీద ఒట్టికాళ్లతో నడవడం ఎవరికీ వద్దు, షుగరున్న కాళ్లకు అసలే వద్దు. పగడం గీరితే మంచి నీళ్లూ సబ్బుతో రుద్ది కడిగి, పావిడోన్ అయోడిన్ రాసి, రోజూ చూడండి. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెటనస్ ఇంజెక్షన్ వెళ్లేముందే వేయించుకోండి. జెల్లీచేప కుడితే రుద్దకుండా, మంచినీళ్లు పొయ్యకుండా, కనీసం 30 సెకన్లు వెనిగర్ పొయ్యండి. అర లీటరు సీసా ఒకటి సామానులో ఉండాలి. ముల్లున్న చేప గుచ్చితే పద్ధతి వేరు, 45 డిగ్రీల వేడినీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. వేడి ముందు బాగున్న చేతితో చూసుకోవాలి. మడ అడవుల పక్క నీళ్లలో దిగకండి, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి.

మీవారి స్కూబాకి నియమం ఇది: ఒక్క డైవ్ అయితే విమానానికి 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు ఎడం ఉండాలి. 18 పెట్టుకోండి. మధ్యాహ్నం 2కి నీళ్లలోంచి బయటికొస్తే మర్నాటి మధ్యాహ్నం విమానానికి ఇబ్బంది లేదు. ఆ ఉదయం ‘ఇంకొక్కసారి’ అని మాత్రం దిగకూడదు. జలుబు, చెవినొప్పి, ఆస్తమా ఉంటే వద్దే వద్దు.

ఇప్పుడు బాగా గుర్తుపెట్టుకోవలసినది. బోటు వాంతులు నేల మీదికి వచ్చిన కొన్ని గంటల్లో తగ్గాలి. ఊగుతున్నట్టు అనిపించడం ఒకటి రెండు రోజులుంటే ఫరవాలేదు. కానీ ఒడ్డెక్కి మూడు నాలుగు గంటలైనా నాన్నగారికి వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, ఆయాసం, తికమక ఉన్నా అది సముద్రం పడకపోవడం కాదు, కీటోన్లు కావచ్చు. ఛాతీలో బరువు, చల్లని చెమటలతో వాంతి అయితే గుండెపోటు కావచ్చు. షుగరున్నవాళ్లలో నొప్పి లేకుండా వాంతి, చెమట మాత్రమే ఉండటమూ జరుగుతుంది. అలాంటప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకండి. ద్వీపంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మొదటి చికిత్స, ఈసీజీ చేయించి, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) జీబీ పంత్ ఆసుపత్రికి పంపమని అడగండి. ఆ దూరం ఫెర్రీలో సుమారు రెండు గంటలు, చీకటి పడితే ఇంకా కష్టం. 3 కల్లా వెనక్కి రమ్మనడానికి ఇదీ ఒక కారణమే.

చివరిగా తేదీ. తిరుగు ప్రయాణానికి ముందు రోజున బోటు పెట్టుకోకండి, రెండు మూడు రోజులు ముందుకి జరపండి. సముద్రం బాగోలేకపోతే ‘ఇవాళ తప్పితే ఇక లేదు’ అని బయలుదేరాల్సిన పరిస్థితి రాకూడదు. 2014 అక్టోబరులో మన ఊరిని ఊడ్చేసిన హుద్‌హుద్ అండమాన్ మీదుగా వచ్చిందే. తుపానుల కాలం డిసెంబరు దాకా ఉంటుంది. బయానా ఇచ్చేముందు, వాతావరణం వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.