సిలికా పూత వేశాక అయస్కాంతత్వం తగ్గితే కణాలు పాడైనట్టేనా?

మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న నల్లటి ఇనుప ఆక్సైడ్) నానో కణాలకి సిలికా పూత వేశాక వీఎస్ఎం (అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) రీడింగ్ గ్రాముకి 60 ఈఎంయూ (అయస్కాంతత్వపు కొలమానం) నుంచి 36కి పడిపోయింది, పూత వల్ల కణాలు దెబ్బతిన్నాయా అని అడిగారు. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు నాకూ ఇదే టెన్షన్.

మాది పలాస. 80 కిలోల జీడిపిక్కల బస్తా కొడితే పప్పు దిగేది పావు వంతుకి అటూఇటూగా. మిగతాది తొక్క. అంతమాత్రాన పప్పు పాడైందని ఎవరూ అనరు కదా! వీఎస్ఎంలోనూ మీ పొడిని తొక్కతో సహా తూచి, ఆ బరువుతోనే భాగిస్తారు. బరువులో సిలికా కలుస్తుంది గానీ, అయస్కాంతత్వంలో దాని వాటా దాదాపు సున్నా. పొడిలో సిలికా 40 శాతం ఉంటే 36 రావడమే లెక్క.

ఉందో లేదో ఊహించకండి, తూచండి. కొంచెం పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడి చేస్తే ఇనుము కరిగిపోయి తెల్లగా సిలికా మిగులుతుంది. కడిగి, బాగా ఎండబెట్టి తూచడమే. పూత మందంగా ఉంటే ఆమ్లం లోపలికి దిగడానికి టైమ్ పడుతుంది, పసుపు రంగు పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టాలి.

నాకు పూత లేకుండా 62, పూతతో 40 వచ్చింది. తూస్తే సిలికా 25 శాతమే. అంటే 46 దాటి రావాలి. ఆ ఆరు ఎక్కడ పోయిందా అని వారం రోజులు పూతనే తిట్టుకున్నాను. తప్పు నాదే. కడిగిన పొడిని రాత్రంతా ఓవెన్‌లో పెట్టేశాను, పొద్దునకి నలుపు కాస్తా గోధుమ రంగుకి తిరిగింది. మాగ్నెటైట్ గాలి తగిలి మరో ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్హెమైట్‌గా మారిందన్నమాట. నానో కణాలుగా కాక పెద్ద ముద్దగా ఉన్నప్పుడు మాగ్నెటైట్‌కి సుమారు 92 ఉంటే దీనికి 80 లోపే. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూసే ఎక్స్‌రే పరీక్షలో) రెండింటి గీతలూ దాదాపు ఒక్కచోటే పడతాయి కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. రెండోసారి నైట్రోజన్ పంపుతూ పూత వేసి, వాక్యూమ్‌లో ఆరబెట్టాక లెక్క కుదిరింది.

జెడ్‌ఎఫ్‌సీ (అయస్కాంత క్షేత్రం లేకుండా చల్లార్చి, తర్వాత చిన్న క్షేత్రంలో వేడెక్కిస్తూ అయస్కాంతత్వం కొలిచే గ్రాఫు) శిఖరం కూడా తక్కువ ఉష్ణోగ్రతకి జరిగి ఉంటే దానికి భయపడకండి. పూత వల్ల కణాలు ఎడమై, ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావం తగ్గుతుంది. ముందు మీ పొడి రంగు చూసి చెప్పండి, నల్లగానే ఉందా?